తేలుతుందో లేదో తెలియని పనికి సర్కారు డబ్బు: బిగ్ గ్రాంటుకి రాసుకునే పద్ధతి

మాది దివిసీమ, నాగాయలంక పక్క ఊరు. 2018 ఆగస్టులో అవనిగడ్డ ఆసుపత్రికి పాముకాటు కేసులు వరస కట్టాయి. పేపర్లో రోజూ అదే వార్త. నేనప్పటికి బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ ముగించి హైదరాబాద్‌లో పోస్ట్‌డాక్ చేస్తున్నా. మా నాన్న ఫోన్ చేసి, "అమ్మాయ్, షుగర్ చూసుకునే పుల్లలున్నాయిగా, విషం ఎక్కిందో లేదో చూసే పుల్ల ఒకటి చెయ్యలేరా మీరు? అంత చదువూ చదివారు" అన్నాడు. చెయ్యొచ్చనే అన్నాను. అది ఎంత కష్టమో అప్పుడు నాకూ తెలియదు.

ఆ పుల్ల కోసం బిగ్ గ్రాంటుకి రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. 2019లో పోయింది, 2021లో వచ్చింది. అప్పట్నుంచి తెలిసిన పిల్లలు, డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు "అక్కా, మీ అప్లికేషన్ ఒకసారి పంపుతారా?" అని అడుగుతూనే ఉన్నారు. పంపితే దాన్నే అచ్చుగుద్దుతారని పంపడం మానేశాను. దాని బదులు ఇది రాస్తున్నా.

బిగ్ అంటే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్. ఇచ్చేది బైరాక్. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2012లో పెట్టిన, లాభాపేక్ష లేని ప్రభుత్వ సంస్థ అది. గరిష్ఠంగా 50 లక్షలు, 18 నెలల గడువు. అప్పు కాదు, గ్రాంటు. మేధోహక్కులు మీ దగ్గరే ఉంటాయి. ఒంటరి వ్యక్తి వేయొచ్చు. అయిదేళ్లు నిండని, కనీసం 51 శాతం వాటా భారతీయుల చేతిలో ఉన్న స్టార్టప్ కూడా వేయొచ్చు. పనిచేసే ల్యాబ్ మాత్రం ఉండాలి, సొంతదైనా సరే, కొత్త కంపెనీలకి చోటూ యంత్రాలూ ఇచ్చే ఇంక్యుబేటర్‌లోదైనా సరే. నేను చూసినన్నాళ్లూ ఏడాదికి రెండు పిలుపులు: జనవరి 1న ఒకటి, జూలై 1న ఒకటి. ఒక్కోటీ నెలన్నర తెరిచి ఉంటుంది. దరఖాస్తు బైరాక్ పోర్టల్లో పెడతాం. దాన్ని జల్లెడ పట్టేది, గ్రాంటు వచ్చాక మన వెంట నడిచేది బిగ్ పార్ట్‌నర్లు. మనకి దగ్గర్లో శామీర్‌పేట అవతల తుర్కపల్లిలో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఉంది. బెంగళూరులో సీ-క్యాంప్, పుణెలో వెంచర్ సెంటర్, భువనేశ్వర్‌లో కీట్-టీబీఐ, ఢిల్లీ ఐఐటీలో ఫిట్ కూడా ఇదే పని చేస్తాయి. ల్యాబ్ కోసం చూసుకునేవాళ్లకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆస్పైర్-బయోనెస్ట్, హబ్సిగూడలో సీసీఎంబీ వాళ్ల అటల్ ఇంక్యుబేషన్ సెంటర్, విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి. ముందు వాటిలో ఒకదాని గుమ్మం తొక్కండి. ఫారం తెరవడం ఆ తర్వాత.

అడగాల్సింది వస్తువు కాదు, జవాబు

నా మొదటి దరఖాస్తు చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగు పాముల్నీ విడివిడిగా గుర్తుపట్టే స్ట్రిప్. దానికో మొబైల్ యాప్. ఊరూరా ఆశా వర్కర్లకి శిక్షణ. అన్నీ 18 నెలల్లో, సరిగ్గా 50 లక్షల్లో! ఇస్తామన్నదంతా అడగకపోతే తెలివితక్కువ అనుకున్నా.

రాత పరిశీలన దాటి, ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే నిపుణుల ప్యానెల్ దాకా వెళ్లాను. పది నిమిషాల్లో స్లైడ్లు చూపించాక ఒక పెద్దాయన, ఆయన డాక్టరు, చాలా నెమ్మదిగా అడిగారు. "ఏమ్మా, మన దగ్గరున్న విరుగుడు మందు, యాంటీవీనమ్, నాలుగు పాములకూ కలిపి చేసిందే కదా. కరిచింది రక్తపింజరో నాగుపామో నీ స్ట్రిప్ చెప్పిందనుకో. డాక్టరు చేతిలో మందు మారుతుందా?"

మారదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ దాని గురించి ఆలోచించలేదు. స్ట్రిప్ మీద విషాన్ని పట్టుకునే ప్రోటీన్, అంటే యాంటీబాడీ, ఎంత కచ్చితంగా అతుక్కుంటుందో చూపే గ్రాఫుల దగ్గరికి మళ్లీ వెళ్లాను. అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత నేను చేసిన మంచి పని ఒకటే. మా వైపు ఒక ఆసుపత్రిలో డాక్టరుగార్ని బతిమాలుకుని మూడు రాత్రులు క్యాజువాలిటీలో ఓ మూల కూర్చున్నాను. పాముకాటు అంటూ ఎవరొచ్చినా అక్కడ మొదట చేసేది ఇరవై నిమిషాల పరీక్ష. రెండు మిల్లీలీటర్ల రక్తం గాజు గొట్టంలో పోసి కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెడతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే పింజర విషం ఎక్కినట్టు. డ్యూటీ సిస్టర్ కొత్త గొట్టం చించి తీస్తూ, "సర్ఫు పెట్టి కడిగినవి వాడకూడదండీ, వాటిలో మంచి రక్తం కూడా గడ్డకట్టదు. ఇదివరకు అలాగే మోసపోయాం" అంది. ఆ రాత్రి ఒక కూలీకి మొదటిసారి రక్తం మామూలుగానే గడ్డకట్టింది. రెండు గంటల తర్వాత చూస్తే నీళ్లలా జారింది. అదే రాత్రి ఇంకొకాయన వచ్చాడు. కాలి మీద రెండు గాట్లు, ప్రాణభయం. తెల్లారేదాకా పక్కనే కాచుకున్నారు, ఏమీ కాలేదు. "కరిచిన ప్రతి పామూ విషం ఎక్కించదండీ. ఎక్కిందో లేదో తేలేదాకా మాకు నిద్ర ఉండదు" అంది సిస్టర్. ఊరికే యాంటీవీనమ్ ఎక్కించేద్దామంటే అదేమో గుర్రపు రక్తం నుంచి తీసింది. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, బీపీ పడిపోవడం.

అంటే వాళ్లకి కావాల్సింది ఏ పాము అన్న జవాబు కాదు. రక్తంలో విషం ఉందా, లేదా? మా నాన్న ఫోన్లో అడిగిందీ అదే. నేను దాన్ని ముస్తాబు చేసి పాడుచేశాను.

రెండో దరఖాస్తు మొదటి పేజీలో మొదటి వాక్యం ఇలా రాశాను: "రక్తపింజర కరిచిన మనిషి ఆసుపత్రికి చేరిన వేళకి అతని రక్తంలో ఉండే విషాన్ని, ఇరవై నిమిషాల పరీక్ష పట్టుకునేలోపే, కాగితపు స్ట్రిప్ పట్టుకోగలదా?" కింద ప్రశ్నార్థకం. యాప్ లేదు, ఆశా వర్కర్లు లేరు. నాలుగు పాముల బదులు ఒకటి. కట్లపాముని మాత్రం చివరి నాలుగు నెలల్లో పక్క ప్రయోగంగా ఉంచాను. అదెందుకో తర్వాత చెప్తాను.

కాబట్టి మీరు ఫారం ముట్టుకునే ముందు ఒక తెల్లకాగితం మీద మీ పనిని ప్రశ్నగా రాయండి, ఒక్క వాక్యంలో. అవును-కాదు అని జవాబు రావాలి. అది తెల్లకాగితం మీద కుదరకపోతే నలభై పేజీల ఫారంలోనూ కుదరదు. ఈ పథకం ఉన్నది ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్ దాకా, అంటే ఆలోచన పనిచేస్తుందో లేదో తేలేదాకా, నడిపించడానికి. అమ్మకానికి పెట్టే సరుకు తయారుచేయడానికి కాదు. ఆ తర్వాతి మెట్లకి బైరాక్‌లోనే వేరే పద్దులున్నాయి.

రిస్కుని మీరే రాయండి, వాళ్లు వెతుక్కునేదాకా ఆగొద్దు

హై-రిస్క్, అంటే తేలుతుందో లేదో తెలియని పని, అనగానే మనవాళ్లు రెండు రకాలుగా తప్పుతారు. ఒకరకం, రిస్కే లేనట్టు రాస్తారు. అంత గ్యారంటీ ఉంటే బ్యాంకు లోనుకి వెళ్లకుండా ఇక్కడికెందుకు వచ్చావంటారు రివ్యూయర్లు. రెండోరకం, "విప్లవాత్మక", "ప్రపంచంలోనే మొట్టమొదటి" అని అడుగడుగునా రాస్తారు. ఎక్కడ తెగిపోతుందో మాత్రం చెప్పరు. ఒకసారి ఓ కుర్రాడి దరఖాస్తులో "మొట్టమొదటి" పదకొండు చోట్ల లెక్కపెట్టాను.

నా పనిలో అసలు రిస్కు ఇది. పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మనదేశంలో యాంటీవీనమ్‌కి వాడే విషం ఎక్కువగా చెన్నై–మహాబలిపురం దారిలో వడనెమ్మేలిలో ఉన్న ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో పెట్టుకున్న సంఘం అది. పాముని కొన్ని వారాలు కుండలో ఉంచి, నాలుగుసార్లు విషం తీసి, పొట్ట కింది పొలుసు మీద గుర్తు పెట్టి మళ్లీ అడవిలో వదిలేస్తారు. నా యాంటీబాడీలూ ఆ తమిళనాడు విషంతో తయారైనవే. దివిసీమ రక్తపింజర విషానికి అవి అతుక్కోకపోతే నా స్ట్రిప్ తెల్లగా ఉండిపోతుంది. అప్పుడు రోగికి విషం లేదనుకుని డాక్టరు ఇంటికి పంపేస్తే? అది ఊరికే పనికిరాని స్ట్రిప్ కాదు, మనిషిని చంపే స్ట్రిప్.

ఈ మాట మొదటి దరఖాస్తులో ఎక్కడా లేదు. రెండోదాంట్లో మూడో పేరాలోనే పెట్టాను. పెట్టి, పనుల వరస తిరగేశాను. మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? ముందు సులువైన పని చేసి మంచి ఫలితాలు చూపించి, కష్టమైనది చివరికి నెడతారు. నేను మొదటి అయిదు నెలల్లోనే ఆలోచనని చంపగల ప్రయోగం పెట్టాను. రక్తపింజర కేసులు ముప్పై, పాము కరవని వాళ్లు ముప్పై. మన జిల్లా రోగుల రక్తంలో మన జిల్లా పాము విషమే ఉంటుంది కాబట్టి నేను పాముల్ని పట్టక్కర్లేదు, అటవీశాఖ చుట్టూ అదనంగా తిరగక్కర్లేదు. ముప్పైలో ఇరవై నాలుగు కన్నా తక్కువ పట్టుకుంటే ఆపేస్తాం, మిగిలిన డబ్బు తీసుకోం. ఆ అంకె ముందే రాశాను.

ఆ అంకె రాయడానికి నాకు వారం పట్టింది. రాశాక వెనక్కి తీసుకోలేం కదా. కానీ ప్యానెల్లో ఎక్కువసేపు మాట్లాడింది ఆ పేజీ గురించే. ఇరవై నాలుగే ఎందుకు, ఇరవై ఏడు ఎందుకు కాదు, లెక్కేంటి? ప్రశ్నలు గట్టిగానే వచ్చాయి, కానీ ఈసారి వాళ్లు నాతో కలిసి లెక్క వేస్తున్నారు.

ప్రతి రిస్కుకీ ఇలా మూడు వాక్యాలు రాసుకోండి. ఏది తప్పిపోవచ్చు, అది తప్పిందని ఏ నెలలో ఏ అంకె చూసి తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తారు. "ప్రత్యామ్నాయ మార్గాలు అన్వేషిస్తాం" లాంటి మాటలు కొట్టెయ్యండి. ఆ మాట చదివిన రివ్యూయర్ మొహం ఎలా మాడుతుందో పక్కన కూర్చుని చూశాను.

ఇప్పటికే ఉన్న పద్ధతిని తక్కువ చేసి రాయకండి. నాకు పోటీ ఏదో పెద్ద కంపెనీ కాదు, సిస్టర్ చేతిలోని గాజు గొట్టం. అది దాదాపు ఉచితం. దాన్ని మించి నా స్ట్రిప్ ఏం చెప్తుంది? గొట్టం చూపించేది విషం రక్తాన్ని చెడగొట్టాక. స్ట్రిప్ చూపించాల్సింది అంతకు ముందే. కట్లపాము విషమైతే రక్తాన్ని కాకుండా నరాల్ని పడుతుంది కాబట్టి గొట్టం ఏమీ చెప్పదు. నేల మీద పడుకున్నవాళ్లని రాత్రి కరుస్తుంది, గాటు కూడా కనపడదు. పొద్దున కడుపునొప్పి అంటూ వస్తారు, కాసేపటికి రెప్పలు వాలిపోతాయి. స్ట్రిప్ నిజంగా కావాల్సింది అక్కడే. కానీ అది ఎక్కించే విషం కొంచెం. రక్తంలో నానోగ్రాముల్లో ఉండేదాన్ని పట్టుకోవడం గగనం. అందుకే దాన్ని పక్క ప్రయోగంగా పెట్టి, "తేలకపోయే అవకాశమే ఎక్కువ" అని దాని పక్కనే రాశాను.

సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి ఒక్క పేరా చాలు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని, దేశంలో చావులకి కారణాలు లెక్కగట్టిన మిలియన్ డెత్ స్టడీ చెప్తుంది. ఎక్కువ చావులు నమోదైన ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేను ఈ రెండు వాక్యాలు రాసి వదిలేశా. కొందరు ఇక్కడే నాలుగు పేజీలు తినేస్తారు. 2024లో కేంద్రం పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది కాబట్టి ఇప్పుడు ఇదే రంగంలో వేసేవాళ్లు దాన్నీ చెప్పుకోవచ్చు.

లెక్కల పేజీ

రెండోసారి నేను అడిగింది 38 లక్షలు. ఇద్దరు మనుషుల జీతాలు 13.5 లక్షలు. యాంటీబాడీలు, విషం, రసాయనాలు 11. స్ట్రిప్ గీతని అంకెగా చదివే రీడరు, చిన్నా చితకా పరికరాలు 5.5. ఆసుపత్రి నమూనాలు, ఎథిక్స్ కమిటీ ఫీజు 3. ఇంక్యుబేటర్‌లో వాళ్ల యంత్రాలు వాడుకున్నందుకు చార్జీలు 2.5. పేటెంటు 1, ఇతర ఖర్చులు 1, ప్రయాణాలు అర లక్ష. ఏ పద్దు కింద ఏది ఒప్పుకుంటారో ఆ ఏటి పిలుపు పత్రంలో చూసుకోండి. నా పద్దులు చూసి కాపీ కొట్టొద్దు.

తక్కువ అడిగితే ఇస్తారని కాదు. ప్రతి పద్దూ ఏదో ఒక ప్రయోగానికి ముడిపడి ఉండాలి. "రీడరు ఎందుకు, కంటితో చూడలేరా?" అని అడిగారు. ఇద్దరు మనుషులు ఒకే మసక గీతని ఒకరు ఉందనీ ఒకరు లేదనీ చెప్పిన ఫోటో చూపించాను. మళ్లీ ఆ ప్రశ్న రాలేదు.

కొటేషన్ల దగ్గర నేను దెబ్బతిన్నాను. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉంది. చూసుకోలేదు. పరికరాల మీద అప్పట్లో 18 శాతం అంటే 5.5 లక్షల మీద లక్షకి వెయ్యి తక్కువ. అది ఇతర ఖర్చుల్లోంచి పూడ్చుకునేసరికి ఆ పద్దు మొదటి ఆరు నెలల్లోనే ఖాళీ. కొటేషన్ తీసుకునేటప్పుడే పన్ను, రవాణా, బిగించే ఖర్చు, అన్నీ కలిపిన అంకె అడగండి. బయటి దేశం సరుకైతే కస్టమ్స్‌లో ఆగే వారాలు కూడా కలుపుకోండి.

ఇంకొకటి. చలిలో రావాల్సిన సరుకు పండగ వారంలో తెప్పించకండి. నా యాంటీబాడీల రెండో విడత దసరా ముందు శుక్రవారం హైదరాబాద్ చేరింది. కొరియర్ వాళ్లు గోడౌన్లో పెట్టి తాళం వేసుకుని ఊళ్లకి పోయారు. మంగళవారం పెట్టె తెరిస్తే డ్రై ఐస్ లేదు, గొట్టాలు గోరువెచ్చగా ఉన్నాయి. లక్షా ఎనభై వేలు, ఏడు వారాలు మట్టిగొట్టుకుపోయాయి. బీమా చేయించలేదు. ఇప్పుడు సరుకు సోమవారం బయల్దేరేలా తప్ప ఆర్డర్ పెట్టను.

అనుమతులు, పేటెంటు

మనిషి రక్తం ముట్టుకునే పని ఏదైనా ఎథిక్స్ కమిటీ దాటాలి. మా కమిటీ సందేహమంతా సమ్మతి గురించే. ప్రాణభయంతో వచ్చిన మనిషి చేత నాలుగు పేజీల పత్రం మీద సంతకం ఎలా పెట్టిస్తారు? పైగా మాకు రక్తం యాంటీవీనమ్ ఎక్కించకముందే కావాలి. మందు ఎక్కాక అది విషాన్ని పట్టేసుకుంటుంది, స్ట్రిప్‌కి ఏమీ మిగలదు. అలాగని మా కోసం వైద్యం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. చిక్కుముడే.

విప్పింది ఆ సిస్టరే. "ఇరవై నిమిషాలయ్యాక ఈ గొట్టం చెత్తలోకే పోతుంది కదండీ. అదే తీసుకోండి" అంది. ఇంకో సూది గుచ్చక్కర్లేదు, వైద్యం ఆగక్కర్లేదు. తేరుకున్నాక రోగినో, వెంట వచ్చిన బంధువునో తెలుగు పత్రం చదివి వినిపించి అడుగుతాం. వద్దంటే గొట్టం పారేస్తాం. కమిటీ దీనికి ఒప్పుకుంది. తెలుగు పత్రం రాయడం తేలికనుకోకండి. నా మొదటి చిత్తుప్రతిలో "ప్రతిరక్షకాలు", "జీవసూచికలు" అని ఉన్నాయి. మా నాన్నకి చదివి వినిపిస్తే, "ఇది తెలుగేనా?" అన్నాడు. చివరికి "మీకు పరీక్ష చేయగా మిగిలిన రక్తంతో ఒక కొత్త పరీక్ష పనిచేస్తుందో లేదో చూస్తాం. దీనివల్ల మీ వైద్యం మారదు" అని రాశాం.

స్ట్రిప్ ఫలితం చూసి డాక్టరు వైద్యం మార్చే దశకి వచ్చారంటే వ్యవహారం వేరు. మెడికల్ డివైస్ రూల్స్ 2017 కిందికి వస్తారు, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ గుమ్మం ఎక్కాలి, ట్రయల్‌ని దేశంలోని క్లినికల్ ట్రయల్స్ చిట్టా అయిన సీటీఆర్‌ఐలో మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలి. ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్‌లో అంత దూరం వెళ్లకుండా ప్రయోగాన్ని మలుచుకోండి. విషం కొనడానికి వన్యప్రాణి చట్టం కింద అనుమతులు, జంతువుల మీద ప్రయోగమైతే జంతు నైతిక కమిటీ, జన్యుమార్పిడి పనైతే బయోసేఫ్టీ కమిటీ. ఇవన్నీ ఇంక్యుబేటర్ వాళ్లకి కొట్టినపిండి, అడిగితే చెప్తారు.

పేటెంటు విషయం ఒక్కటే గట్టిగా చెప్తాను. నలుగురి ముందు చెప్పకముందే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు, వేసెయ్యండి. వ్యక్తికి, స్టార్టప్‌కి ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు. అక్కణ్నుంచి పూర్తి దరఖాస్తుకి 12 నెలల టైముంటుంది. కాలేజీ సెమినార్లో పోస్టర్ పెట్టేసి, తర్వాత పేటెంటుకి వెళ్లి ఏడ్చినవాళ్లని ఇద్దర్ని చూశాను. రోగ నిర్ధారణ చేసే పద్ధతికి మన చట్టం సెక్షన్ 3(ఐ) పేటెంటు ఇవ్వదు. స్ట్రిప్‌కో, కిట్‌కో అడగాలి, దానితో పరీక్ష చేసే విధానానికి కాదు. ఈ తేడా తెలిసిన ఏజెంటుని పట్టుకోండి.

ప్యానెల్ గది

స్లైడ్లు ఎనిమిది మించకండి. మొదటిది ఆ ప్రశ్న, రెండోది దాన్ని చంపగల ప్రయోగం. జట్టు ఫోటోలు చివర్లో. జట్టులో క్లినిక్ మనిషి ఉండాలి, ఊరికే పేరు కాదు. నా దరఖాస్తుకి ఆ ఆసుపత్రి డాక్టరుగారి లేఖలో ఏడాదికి ఎన్ని పాముకాటు కేసులు వస్తాయో, వాటిలో ఎన్ని పింజరవో రిజిస్టర్ చూసి రాసిన అంకెలున్నాయి. "సహకరించడానికి సంతోషిస్తున్నాం" అనే లేఖ కన్నా ఆ రెండంకెల లేఖ వంద రెట్లు నయం.

తెలియని ప్రశ్నకి "తెలియదండీ" అనండి. ప్యానెల్లో మీ సబ్జెక్టు వాడు కనీసం ఒకడుంటాడు, మిగతావాళ్లకి అది కొత్త. ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పడం ఇంట్లో సాధన చేయాల్సిందే. నేను మా ఆడపడుచు ముందు చేశాను, ఆవిడ బ్యాంకు ఉద్యోగి. ఆవిడ వేసిన ప్రశ్నల్లో మూడు ప్యానెల్లో యథాతథంగా వచ్చాయి.

మార్కెట్ ఎంత అని కూడా అడుగుతారు. పాముకాటుకి గురయ్యేవాళ్లలో ఎక్కువమంది కూలీలు, కొనేది సర్కారే. అదే చెప్పాను. ప్రైవేటు పెట్టుబడి రాని చోట ప్రజల డబ్బు పెట్టడం మనకి కొత్త కాదు. పసిపిల్లల విరేచనాలకి కారణమయ్యే రోటావైరస్ మీద టీకాకి మూలమైన 116ఈ అనే రకాన్ని 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గుర్తించింది. అది మన జీనోమ్ వ్యాలీ భారత్ బయోటెక్ చేతిలో టీకాగా 2015లో బయటికొచ్చింది. బయోటెక్నాలజీ శాఖ దశాబ్దాలపాటు వెంట నడిచింది. బైరాక్ పుట్టుకలోనూ భాన్‌గారి చెయ్యి ఉంది.

మీ పని కంపెనీ అయ్యే బాపతు కాదు, శుద్ధ పరిశోధన అనుకోండి. బిగ్ మీకు సరిపడదు, బలవంతంగా సరిపెట్టకండి. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2024లో "ఫస్ట్ ఇన్ ద వరల్డ్ ఛాలెంజ్" అని ప్రపంచంలో ఎవరూ చేయనివాటి కోసమే పిలుపిచ్చింది. శాస్త్ర పరిశోధనకి కేంద్రం తరఫున డబ్బిచ్చే సెర్బ్ ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే సంస్థలో కలిసింది. హైదరాబాద్‌లోనే ఆఫీసున్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు ఇస్తుంది. విద్యార్థులైతే బైరాక్ వాళ్లదే ఈ-యువ అనే పథకం ఉంది.

డబ్బు పడ్డాక

గ్రాంటుకి విడిగా నో-లియన్ ఖాతా, అంటే బ్యాంకు తన బాకీల కింద పట్టుకోలేని ఖాతా, తెరవాలి. మీ సొంత ఖర్చు ఒక్క రూపాయి కూడా దాన్ని తాకకూడదు. డబ్బు ఒకేసారి రాదు. మైలురాయి చేరాక రిపోర్టు, పరిశీలన, తర్వాతి విడత. మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి జీతాలకి రెండు మూడు నెలల సొమ్ము చేతిలో ఉంచుకోండి. డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మీద చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం కావాలి. ప్రతి బిల్లు వెనక పెన్సిల్‌తో అది ఏ ప్రయోగానిదో రాసి ఫైల్లో పెట్టాను. పద్దెనిమిది నెలల తర్వాత ఏ బిల్లు దేనికో ఎవరికీ గుర్తుండదు.

నా మొదటి మైలురాయిలో ముప్పైకి ఇరవై ఆరు వచ్చాయి. తప్పిపోయిన నాలుగింటిలో రెండు పాడైపోయిన ఆ దసరా విడత యాంటీబాడీలతో చేసినవి. వాటిని తీసేసి ఇరవై ఎనిమిదికి ఇరవై ఆరు అని రాయమని ఒకరు సలహా ఇచ్చారు. తీసెయ్యలేదు, ముప్పైకే రాసి కారణం కింద పెట్టాను. కట్లపాము ప్రయోగంలో పదకొండు నమూనాలు దొరికాయి. పదకొండూ తెల్లగానే ఉన్నాయి. తుది రిపోర్టు పట్టికలో కట్లపాము వరసలో "పట్టలేదు" అని రాశాం. దాని కింద ఎంత విషం కలిపితే గీత మొదలైందో, రోగుల్లో అంతకన్నా ఎంత తక్కువ ఉండొచ్చో రాశాం. ఆ వరస చూసి ఇప్పుడు వేరే జట్టు వేరే రకం యాంటీబాడీలతో కట్లపాము మీద పని చేస్తోంది. మా దగ్గర మిగిలిన నమూనాల కోసం కమిటీ అనుమతి కూడా తెచ్చుకున్నారు.

వచ్చే జనవరి పిలుపుకి వేద్దామనుకునేవాళ్లు ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరుగార్ని కలవడానికి ఓపీ టైములో పోకండి. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే రిజిస్టర్ తీసి చూపించే తీరిక ఉంటుంది.